మార్స్ రాయి అని స్లాగ్ అంటగట్టాడు, జాగ్రత్త

గ్రూపులో వారం వారం ఉల్కల ఫోటోలు పెట్టి అమ్మే మనిషి ఎవరో మీకు తెలుసు. పేరు రాయను. అతనితో ఇంకెవరైనా బేరంలో ఉంటే వెంటనే ఆపేయండి.

18 గ్రాములు, గ్రాము 40 డాలర్లు. మొత్తం 720. మార్స్ నుంచి వచ్చిన షెర్గొటైట్ రకం ఉల్క అన్నాడు. "ఆ పేరే మన బిహార్‌లో 1865లో పడ్డ షెర్ఘాటీ రాయి వల్ల వచ్చింది అన్నా, మనవాళ్ళ దగ్గర ఒకటైనా ఉండాలి కదా" అన్నాడు. ఆ ముక్క నిజమే. అందుకే మిగతావన్నీ నమ్మేశాను. రాయి రాగానే ఫ్రిజ్ మీది అయస్కాంతం పెడితే ఠక్కున పట్టేసింది. ఎగిరి గంతేశాను! మార్స్ రాళ్ళలో లోహపు ఇనుము దాదాపు ఉండదని, అంత గట్టిగా పట్టిందంటేనే అనుమానించాలని నిన్నగానీ తెలియలేదు.

నిన్న ఇక్కడి యూనివర్సిటీలో ఉల్కల మీద పరిశోధన చేసే ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. ప్రొఫెసర్ భూతద్దంలో చూసి, అంచు కాస్త అరగదీసి నాకే చూపించారు. లోపలంతా గాలి బుడగలు, మధ్యలో ఇనుప పూసలు. స్లాగ్. ఇనుప చిట్టెం. గాజువాకలో స్టీల్ ప్లాంట్ పక్కన పెరిగినవాణ్ణి, ఇది నేను కొన్నాను, డాలర్లు పోసి. పాపం ఆవిడ నవ్వలేదు. అంటార్కిటికాలో దొరికిన ఒక రాయిలో చిక్కుకున్న వాయువులు, 1976లో మార్స్ మీద దిగిన నాసా వైకింగ్ వ్యోమనౌకలు కొలిచిన అక్కడి గాలితో సరిపోయాకే ఈ రకం రాళ్ళ పుట్టిల్లు గట్టిగా తేలిందట. నేనేమో ఫ్రిజ్ అయస్కాంతంతో తేల్చేశాను.

సాయంత్రం ఫోన్ చేశాను. కొనేదాకా మాటకి ముందు అన్నా, మాటకి వెనక అన్నా. ఇప్పుడు "చూడండి బ్రదర్, ఫోటో చూసేగా డబ్బు పంపారు?" రాయితో పాటు ఇచ్చిన సర్టిఫికెట్ మాటేమిటని అడిగితే నవ్వాడు. నిజంగా, గట్టిగా నవ్వాడు. ఆ వెంటనే బ్లాక్. 720 ఎలాగూ పోయింది, ఆ నవ్వు మాత్రం రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

సర్టిఫికెట్ మీది ఎన్‌డబ్ల్యూఏ నంబరు (వాయవ్య ఆఫ్రికాలో దొరికిన ఉల్కలకి ఇచ్చేది) దొంగది కాదు. నమోదైన ఉల్కల జాబితా ఉండే మెటియరిటికల్ బులెటిన్ డేటాబేస్‌లో కొట్టి చూస్తే అది వేరే మామూలు కాండ్రైట్ నంబరు, అంటే మార్స్‌తో సంబంధం లేని సాధారణ రాతి ఉల్కది. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అన్నీ అయ్యాక చేశాను.

మీరు ముందే చేయండి. నంబరుతో పాటు రకం, బరువు కూడా సరిపోవాలి. కొత్త ఉల్కని నమోదు చేయాలంటే 20 గ్రాములు లేదా మొత్తంలో 20 శాతం, ఏది తక్కువైతే అది ఒక సంస్థలో భద్రపరచాలి. ఆ ముక్క ఎక్కడుందో అడగండి.

నా రాయిని ఆ ప్రొఫెసర్ అడిగి తీసుకున్నారు, విద్యార్థులకు నకిలీలు చూపించే డబ్బాలో వేయడానికి.