లచ్చి గిన్నె కింద కాటా

వంటింట్లో వాడే డిజిటల్ కాటా కొని ఎనిమిది నెలలైంది. విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర స్టీలు సామాన్ల కొట్లో 480 రూపాయలు తీసుకున్నారు. కేకులు చేసేవాళ్లు కొనుక్కునే రకం. పైన ప్లాస్టిక్ పళ్లెం, ముందు వైపు అంకెలు, కింద రెండు పెన్సిల్ సెల్లులు. ఒక గ్రాము నుంచి పది కిలోల దాకా తూస్తుందని డబ్బా మీద రాసి ఉంది. ఇదే అచ్చు నాలుగైదు కంపెనీల పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు రాయడం లేదు. నేను కొన్నది కేకులకు కాదు, మా కుక్క లచ్చి వంటకు.

మాది అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు కింది గదిలో నా కుట్టు మిషన్లూ, లచ్చి తిండి సంచీ ఒకేసారి మునిగిపోయాయి. అప్పటిదాకా లచ్చి తిన్నది కొట్లో కొన్న డాగ్ ఫుడ్ గింజలే. మేడ మీద బియ్యం, గుడ్లు, సిలిండరు ఉన్నాయి. అన్నంలో ఉడికిన గుడ్డు చిదిమి పెట్టాం. రెండు రోజులు దానికి విరేచనాలు. తిండి మార్చేటప్పుడు పాత తిండిలో ముందు పావు వంతు కొత్తది కలిపి, వారం పది రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ పోవాలట. ఆ రోజు తెలిసినా చేయగలిగిందేమీ లేదు, కలపడానికి పాత తిండే లేదు. నీళ్లు తీశాక కొత్త సంచీ తెచ్చి గిన్నెలో పోస్తే లచ్చి వాసన చూసి, పక్కకెళ్లి పడుకుంది. రెండు రోజులు అదే వరస. మూడో రోజు కోడి మాంసం ఉడకబెట్టి అన్నంలో కలిపాను. ఆ గిన్నె నాకిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. వరద తర్వాత మా ఇంట్లో వినబడిన మొదటి సంతోషం అదే.

నేను ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. టేపు పెట్టకుండా గుడ్డ మీద కత్తెర ఆనించను. లచ్చి గిన్నె దగ్గర మాత్రం ఆర్నెల్లు చేతికొచ్చినంత వడ్డించాను. మార్చి నెలలో అది కుడి వెనక కాలు ఆనించకుండా మెట్లెక్కుతుంటే డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాం. తూస్తే 28 కిలోలు. వరదకు ముందు 24. లచ్చి లాబ్రడార్ కలిసిన నాటు కుక్క, ఆరేళ్లది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది. అలాంటి వాటికి ఒళ్లు తొందరగా వస్తుందట.

"ఏం పెడుతున్నారమ్మా?" అన్నారు.

"కోడి, అన్నం అండి."

"ఎంత?"

చేత్తో చూపించాను. ఆయన గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుకున్న మనిషి. కోప్పడలేదు, కుర్చీ లాగి కూర్చోమని అరగంట చెప్పారు. మాంసంలో ఫాస్ఫరస్ బాగా ఉంటుంది గానీ కాల్షియం దాదాపు ఉండదట. తిండిలో దొరక్కపోతే ఒళ్లు దాన్ని ఎముకల్లోంచి తీసుకుంటుందట. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటలను పరిశీలిస్తే, 95 శాతం వాటిలో కనీసం ఒక్క పోషకమైనా చాలలేదని చెప్పారు. వండి పెట్టడం మానమనలేదు. తూచి పెట్టమన్నారు. కాటా కొన్నది ఆ సాయంత్రమే.

మొదటి రాత్రి ఏమీ మార్చకుండా, రోజూ పెట్టే అన్నమే కాటా మీద పెట్టాను. రెండు పూటలకూ కలిపి 640 గ్రాములు. వంద గ్రాముల అన్నానికి సుమారు 130 కేలరీలు. అంటే ఒక్క అన్నంలోనే 830. డాక్టరు గారు లచ్చికి రోజు మొత్తానికి రాసిందే 850! కోడి, గుడ్డు, మా అమ్మాయి తినిపించే ముద్దలు అన్నీ దాని పైన. ఆ అంకె చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ప్రేమగా పెట్టిందే దాని కాలికి బరువైంది.

ఇప్పుడు రోజుకు పచ్చి లెక్కన బోన్‌లెస్ కోడి 250 గ్రాములు, బియ్యం 100, గుమ్మడికాయ, క్యారెట్, బీన్స్ కలిపి 150, కార్జం 20, ఒక గుడ్డు, చెంచాడు పొద్దుతిరుగుడు నూనె. కోడిని ఉడకక ముందే తూచాలి. ఉడికితే నీరు పోయి తగ్గుతుంది, బియ్యమేమో మూడింతలవుతుంది. రెండూ ఉడికాక తూస్తే లెక్కంతా తప్పుతుంది. కార్జం బాగుంటుంది కదా అని పెంచకూడదు, విటమిన్ ఎ ఎక్కువవుతుంది. కాల్షియానికి గుడ్డు పెంకులు ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పట్టిన పొడి రోజుకు 3 గ్రాములు. జింకు, అయోడిన్, విటమిన్ డి, ఇ లాంటివి ఈ తిండిలో చాలవు కాబట్టి విడిగా ఒక పొడి రాసిచ్చారు. ఇది లచ్చి లెక్క. కుక్కపిల్లలకూ, కిడ్నీ జబ్బున్నవాటికీ ఇది పనికిరాదు, వాటి లెక్క వాటికే వేయించుకోవాలి. మన కూరలో పులుసు కలపడం పూర్తిగా మానేశాను. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికిన ఎముకలూ వేయను, అవి పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

నవంబరులో తూస్తే 24 కిలోల 300. మెట్లు నాలుగు కాళ్లతోనూ ఎక్కుతోంది. ఖర్చు మాత్రం తక్కువని చెప్పలేను. రోజుకు సుమారు 125 రూపాయలు, గింజలకయ్యేదానికి దాదాపు రెట్టింపు. పొద్దున్నే ముప్పావుగంట వంట కూడా. అంత తీరికా డబ్బూ లేనివాళ్లు మంచి గింజలే పెట్టుకుంటే తప్పేమీ లేదు. ఆర్నెల్లు నేను పెట్టిన అన్నం కంటే అవే నయం.

ఇక కాటా సంగతి. బరువు సరిగ్గానే చూపిస్తుంది. పది రూపాయల బిళ్ల ఒకటి 7.71 గ్రాములు. పది బిళ్లలు పెడితే 77 చూపించింది. నెలకోసారి అలా చూసుకుంటాను. ఖాళీ గిన్నె పెట్టి మీట నొక్కితే సున్నా అవుతుంది, ఆ మీద వేసినదొక్కటే తూస్తుంది. ఒకే గిన్నెలో అన్నీ ఒకదాని తర్వాత ఒకటి తూచుకోవచ్చు. ఇదే దీని అసలు సుఖం.

చిన్న బరువుల దగ్గర మాత్రం నమ్మలేం. పెంకు పొడి కొద్దికొద్దిగా చల్లుతుంటే అంకె కదలదు, 3 గ్రాములు అనుకుంటూ ఐదారు పడిపోతాయి. అందుకని పది రోజులకు కలిపి 30 గ్రాములు ఒకేసారి తూచి, పది పొట్లాలు కడుతున్నాను. వెడల్పాటి గిన్నె పెడితే అంకెలు దాని కిందికి పోతాయి, వంగి చూడాలి. వేడి గిన్నె అసలు పెట్టకూడదు. ఒకసారి ఆవిరి పట్టి రోజంతా పిచ్చి అంకెలు చూపించింది.

అన్నిటికంటే ఇబ్బంది, రెండు నిమిషాలు ముట్టుకోకపోతే దానంతటదే ఆగిపోవడం. క్యారెట్ తరుగుతూ ఉండగా ఆగిపోతే గిన్నె బరువూ పోతుంది, అప్పటిదాకా వేసిన లెక్కా పోతుంది. అందుకని లచ్చి గిన్నె అడుగున 312 అని మార్కరుతో రాసుకున్నాను. తోమినప్పుడల్లా చెరిగిపోయేది. పోయిన వారం మా అమ్మాయి మేకుతో గీసి పెట్టింది.