వాద్యాల్లేని పాటకు లయ: బీట్‌బాక్సా, ఒంటి దరువా?

నోటితోనే పాట కట్టే బృందంలో మొదటి తగువు లయ దగ్గరే వస్తుంది. ఒకరు బీట్‌బాక్స్ (నోటితో డ్రమ్ శబ్దాలు పలికించడం) చెయ్యాలా, అందరూ చప్పట్లు, చిటికెలు, తొడ దెబ్బలతో, అంటే ఒంటి దరువుతో, నడపాలా? నలుగురే ఉంటే ఒంటి దరువే మేలు. మూడు స్వరాల కార్డ్‌కి (ఒకేసారి కలిసి పలికే స్వరాల గుంపుకి) ముగ్గురు, పాటకి ఒకరు సరిపోయారు. అందులోంచి ఒకరిని బీట్‌బాక్స్‌కి తీస్తే కార్డ్‌లో ఒక స్వరం ఖాళీ. పోయింది గాంధారమైతే (కార్డ్ మూలస్వరం 'స' అనుకుంటే 'గ') ఆ కార్డ్ మేజరో మైనరో చెవికి తెలియదు.

ఒంటి దరువుకి మైకు అక్కర్లేదు గానీ చిక్కులు లేకపోలేదు. ఛాతీ మీద చరిస్తే గుబగుబమని నిండుగా మోగుతుంది. అదే స్వరం నిలిపి పాడుతున్నప్పుడు చరిస్తే గొంతు అదురుతుంది. దీర్ఘం వచ్చిన చోటల్లా ఆ దెబ్బని తొడకి మార్చండి. పాదం దెబ్బ చెక్క నేల మీద పలికినట్టు సిమెంటు మీద పలకదు. చప్పట్లది ఇంకో తంటా: ఒకరు చేతులు బారెడు చాపి, ఇంకొకరు జానెడు దూరం నుంచి కొడితే 'ఠప్' అనాల్సింది 'ఠరప్' అని చెదురుతుంది. అందరూ జానెడు దూరం నుంచే కొట్టాలి. ఎడంగా నిలబడినా ఇదే గొడవ, శబ్దం 10 మీటర్లు దాటడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది మరి. పాడుతూ కొట్టేవాళ్లకి వేగం పెరిగిపోతుంటుంది. మెట్రోనోమ్‌ని (టిక్‌టిక్‌మని లయ వినిపించే పరికరం) నాలుగు దెబ్బల్లో 2, 4 మీదే వినిపించి సాధన చెయ్యండి.

ఆరుగురుండి, మైకు కూడా ఉంటే బీట్‌బాక్స్‌కే నా ఓటు. డైనమిక్ మైకుని (వేదికల మీద పాటకి వాడే మామూలు మైకు) పెదాలకి దగ్గరగా పట్టుకుంటే మంద్రం పెరిగి, పెదాలతో పేల్చిన 'బ్' అచ్చం కిక్ డ్రమ్‌లా (డ్రమ్స్‌లో కాలితో మోగించే పెద్ద డ్రమ్) ఉంటుంది. మైకు లేకపోతే ఆ నిండుదనం రాదు, వెనక వరసకి హైహ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) కోసం అనే 'ట్స్' ఒక్కటే చేరుతుంది.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఊపిరి దగ్గర. ప్రతి 'బ్'కీ ఊపిరితిత్తుల గాలి వదిలేసి కాసేపటికే ఆయాసపడతారు. ఊపిరి బిగబట్టి, నోట్లో ఉన్న గాలితోనే పెదాలు పేల్చడం నేర్చుకోవాలి. స్నేర్ (డ్రమ్స్‌లో కరకరమని మోగే చిన్న డ్రమ్) కోసం అనే 'క్'ని గాలి లోపలికి లాగుతూ అనగలిగితే ఆ దెబ్బే ఊపిరి తీసుకునే చోటవుతుంది. నిమిషానికి 80 దెబ్బల వేగంలో 'బ్, ట్స్, క్, ట్స్' ఐదు నిమిషాలు ఆగకుండా వచ్చాకే వేగం పెంచండి.

లోపలికి లాగే 'క్' ఇంకా కుదరకపోతే స్నేర్ పని ఇద్దరి చప్పట్లకి అప్పగించండి. కిక్, హైహ్యాట్ నోటితోనే నడుస్తాయి, చప్పట్లు పడేచోట బీట్‌బాక్సర్ ఊపిరి పీల్చుకుంటాడు.