కార్బన్ ఫైబరా, గ్లాస్ ఫైబరా, సన్‌ప్యాక్ షీటా: మైలేజీ పోటీ కారు బాడీకి ఏది మేలు?

షెల్ ఎకో మారథాన్ లాంటి పోటీకి, అంటే తక్కువ ఇంధనంతో ఎవరి బండి ఎక్కువ దూరం వెళ్తుందో చూసే పోటీకి, మొదటిసారి కారు కట్టే ప్రతి టీమ్‌లోనూ ఎవడో ఒకడు తొలిరోజే "బాడీ కార్బన్ ఫైబర్‌తో చేసేద్దాం" అంటాడు. మా కాలేజీ టీమ్‌లో ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు అడిగితే మాత్రం గ్లాస్ ఫైబరే అంటాను, అదీ మధ్యలో ఫోమ్ పెట్టి.

కార్బన్‌ని తక్కువ చేయడం లేదు. 2005లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ యూనివర్సిటీ వాళ్ల "పాక్-కార్ 2" అనే బండి, ఒక లీటరు పెట్రోలుకి సమానమైన హైడ్రోజన్‌తో 5,385 కిలోమీటర్ల లెక్క సాధించింది. దాని బరువు 29 కిలోలే, బాడీ కార్బన్‌దే. పోగుకి పోగు చూస్తే వంగకపోవడంలో గ్లాస్ కంటే కార్బన్ మూడింతలు మేలు. కానీ షెడ్డులో ఈ పోగులతో నేసిన క్లాత్ మీద బ్రష్షుతో రెజిన్, అంటే గట్టిపడే జిగురు, పూసే మనలాంటి వాళ్ల చేతిలో క్లాత్ దాదాపు తన బరువంత రెజిన్ తాగుతుంది, ఆ సగం బరువు ఏ క్లాత్ వేసినా తప్పదు.

ఇంకోటి, షీటు మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే చదరపు మీటరుకి 200 గ్రాములు తూగే గ్లాస్ క్లాత్ బయటొక పొర, లోపలొక పొర, మధ్యలో 3 మిల్లీమీటర్ల పీవీసీ ఫోమ్ వేస్తే చదరపు మీటరుకి సుమారు 1.2 కిలోలు పడుతుంది, బాగా బిగుతుగా ఉంటుంది. అదే ఫోమ్ లేకుండా రెండు పొరల కార్బన్ 800 గ్రాములే, కానీ అర మిల్లీమీటరు మందం, బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. పోనీ అలాగే వేశామనుకుందాం, 5 చదరపు మీటర్ల బాడీకి ఆదా అయ్యేది రెండు కిలోలు.

ఆ రెండు కిలోల విలువెంత? డ్రైవర్‌తో కలిపి 100 కిలోల బండి, గంటకి 25 కిలోమీటర్ల వేగం, రోలింగ్ గుణకం, అంటే దొర్లే టైర్లు బండి బరువులో ఎంత వంతు బలంతో వెనక్కి లాగుతాయో చెప్పే అంకె, 0.0025 అనుకుంటే టైర్ల దగ్గర వెనక్కి లాగే బలం 2.5 న్యూటన్లు. రెండు కిలోలు తగ్గిస్తే అందులో 0.05 న్యూటన్ తగ్గుతుంది. మామూలుగా ఈ పోటీకి కట్టే బండి ఆకారానికి గాలి వెనక్కి లాగేది దాదాపు 1.45 న్యూటన్లు, తోక, అతుకులు, చక్రాల దగ్గర సందులు సరిచేసి దీంట్లో ఐదోవంతు తగ్గించినా 0.3 న్యూటన్ చేతికొస్తుంది. ఆరింతలు! కార్బన్ క్లాత్ కొనే డబ్బుతో మౌల్డు, అంటే బాడీ అచ్చు, రెండోసారి సరిగ్గా చేసుకోవచ్చు.

పైగా కార్బన్‌లోంచి కరెంటు ప్రవహిస్తుంది, అల్యూమినియం బ్రాకెట్టు నేరుగా తగిలితే తడికి ఆ అల్యూమినియం తుప్పు పట్టిపోతుంది, లోపల పెట్టిన యాంటెనాకి సిగ్నల్ అందదు.

సన్‌ప్యాక్ షీటు, అదే బోర్డులు రాసే గొట్టాల ప్లాస్టిక్ షీటు, 4 మిల్లీమీటర్లది చదరపు మీటరుకి 700 గ్రాములు. చవక, కత్తితో కోయొచ్చు, సాయంత్రానికల్లా బాడీ రెడీ. కాకపోతే ఒక్క వైపే వంగుతుంది, గుండ్రటి ముక్కు రాదు, ముక్కలు కోసి టేపు వేయాల్సిందే, ఆ అతుకుల దగ్గరే గాలి పట్టుకుంటుంది. టెస్ట్ రన్ వరకు ఓకే.

గ్లాస్‌లోనూ తప్పు చేయొచ్చు, మేం చేశాం. ఫైబర్ బోట్లు కట్టేవాళ్లు వాడేది పాలిస్టర్ రెజిన్ కదా, చవకని అదే తెచ్చి థర్మోకోల్ నమూనా మీద నేరుగా పోశాం. పది నిమిషాల్లో కారు ముక్కు కరిగి గుంట పడింది. దాంట్లోని స్టైరీన్ థర్మోకోల్‌ని తినేస్తుంది, ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ అలా చేయదు. రెండోసారి ఎపాక్సీతో వేసినా, తొందరలో మౌల్డు నునుపు చేయకుండానే క్లాత్ పరిచాం, బయటికొచ్చిన బాడీ నిండా గుంటలు. లప్పం పెట్టడం, ఎమెరీ పేపర్‌తో రుద్దడం, మళ్లీ లప్పం. రంగు కూడా వేసి తూకం చూస్తే, కార్బన్ లేనందుకు నేను మూడు వారాలు అలిగిన ఆ రెండు కిలోలూ లప్పం రూపంలో బాడీ మీదే కూర్చున్నాయి.