పద్నాలుగేళ్లుగా నా చేతుల మీదుగా వెళ్లిన సూచర్ యాంకర్లు

భుజం ఆపరేషన్లలో వాడే సూచర్ యాంకర్ల మీద డాక్టర్లు రాసినవి కుప్పలుగా ఉన్నాయి. ఆ ప్యాకెట్ అందుకుని, దారాలు సర్ది, డాక్టర్ చేతిలో పెట్టేవాళ్లు రాసింది మాత్రం నాకు ఒక్కటీ కనబడలేదు. నేను విశాఖపట్నంలో థియేటర్ సిస్టర్‌ని. 2011 నుంచి ఆర్థో టేబుల్ దగ్గరే నిలబడుతున్నాను. ఈలోగా ఒక ఆసుపత్రి మారాను. పేర్లు చెప్పను. రెండు చోట్లా మారనిది ఒకటే, వారానికి రెండు మూడు భుజాలు.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. భుజం చుట్టూ ఉండే కండరాలు టెండన్ అనే పట్టీతో ఎముకకు అతుక్కుని ఉంటాయి. వయసు వల్లో, బరువులు లాగడం వల్లో, జారిపడడం వల్లో ఆ పట్టీ ఎముక మీంచి ఊడుతుంది. పట్టీకి సూది దిగుతుంది, ఎముకకు దిగదు. పూర్వం ఎముకలో సొరంగంలా బెజ్జం చేసి, దాంట్లోంచి దారం లాగి కట్టేవారు. ఇప్పుడు ఎముకలో చిన్న మేకు దించుతారు. దాని కంట్లో ముందే దారాలు ఎక్కించి ఉంటాయి. దండెం కట్టడానికి గోడకు మేకు కొట్టుకున్నట్టే. ఆ మేకే యాంకర్. టెండన్ మళ్లీ ఎముకకు అంటుకునేదాకా దాన్ని పట్టుకుని ఉండడమే దాని పని. అంటుకోవడానికి సుమారు 12 వారాలు పడుతుంది.

మొదట్లో మా దగ్గర అన్నీ టైటానియం స్క్రూలే, ఎక్కువగా 5 మిల్లీమీటర్లవి. పేచీ లేని సరుకు. ఎంత గట్టి ఎముకైనా తిప్పుకుంటూ దిగిపోతుంది, విరగదు. ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది కాబట్టి పేషెంట్‌కీ తృప్తి. ఫిల్మ్ పైకెత్తి "ఇదిగో నా బోల్టులు" అని ఇంటిల్లిపాదికీ చూపించుకుంటారు. ఎమ్మారైలో మాత్రం దాని చుట్టూ బొమ్మ మసకబారుతుంది. చూడాల్సింది కుట్టిన చోటు, మసకా అక్కడే. పైగా అది వెనక్కి జరిగి కీలులోకి తల బయటపెట్టిందంటే గచ్చు మీద మేకు ఈడ్చినట్టే. అలాంటి కేసు ఒకటి చూశాను. ఎక్కడో ఆపరేషన్ చేయించుకున్నాయన, చెయ్యి తిప్పినప్పుడల్లా లోపల గరగరమంటోందని వచ్చాడు. కెమెరా పెట్టి చూస్తే స్క్రూ తల పైకి వచ్చి ఉంది. ఎదురుగా నున్నగా మెరవాల్సిన మృదులాస్థి మీద గాడి. తీసిన స్క్రూ స్టీలు గిన్నెలో పడిన చప్పుడుకి థియేటర్లో అందరం ఒక్క క్షణం ఆగాం.

తర్వాత మా దాకా కరిగిపోయేవి వచ్చాయి. "కొన్నాళ్లకి ఎముకలో కలిసిపోతుంది మేడం, లోపల ఏమీ మిగలదు" అన్నాడు కంపెనీ అబ్బాయి. పాలీలాక్టిక్ యాసిడ్‌తో చేసినవి. కలిసిపోవడం నిజమే గానీ ఆ "కొన్నాళ్లు" అంటే ఏళ్లు. కరిగిన చోట ఎముక నిండక కొందరికి గుంట మిగిలేది, కొందరికి చుట్టూ నీటితిత్తి వచ్చేది. నాకు అసలు నచ్చనిది వాటి పెళుసుతనం. గాజువాక నుంచి ఒక కబడ్డీ కుర్రాడు, భుజం మాటిమాటికీ జారిపోతోందని వచ్చాడు. ఇరవై ఏళ్ల ఎముక, రాయి. యాంకర్ తిప్పుతూ ఉండగా టిక్‌మని చిన్న చప్పుడు, హ్యాండిల్ ఖాళీగా తిరిగింది. విరిగిన ముక్కని లోపలే వదిలేసి పక్కన ఇంకో రంధ్రం చేశారు. ఆ రోజు నుంచి కుర్రవాళ్ల కేసంటే మర పెట్టే ట్యాప్ ముందే ట్రేలో పెట్టుకుంటాను, అడిగినా అడక్కపోయినా.

అదే పదార్థంలో ట్రైకాల్షియం ఫాస్ఫేట్ కలిపి బయోకాంపోజిట్ అని తెచ్చారు. ఎముక నిండడం వీటిలో మెరుగు. అయితే తేమతో కరిగే సరుకు కదా, రేకు కవర్లో వస్తుంది, ఎంత వేడి దాకా ఉంచొచ్చో లేబుల్ మీద ఉంటుంది. మన విశాఖ గాలి సంగతి చెప్పాలా? ఉప్పు ప్యాకెట్ విప్పితే సాయంత్రానికి చెమ్మ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఊళ్లో కరెంటు లేని రోజుల్లో మా జనరేటర్ థియేటర్‌కీ ఐసీయూకీ సరిపోయింది, స్టోర్ ఏసీకి సరిపోలేదు. కరెంటు వచ్చాక ఆ డబ్బాలన్నీ పక్కన పెట్టించాను. కవరు చిరగలేదు కదా, నష్టం ఎవరు భరిస్తారు అని పైవాళ్లు గొణిగారు. మీ భుజానికైతే వేయించుకుంటారా సార్ అని అడిగితే ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు నా ఓటు పీక్‌కి. పాలీఈథర్ ఈథర్ కీటోన్ అనే గట్టి ప్లాస్టిక్. కరగదు, ఎమ్మారైలో మసక తేదు, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే దాని మీంచే డ్రిల్ చేసుకోవచ్చు. ఒక్క తలనొప్పి, ఎక్స్‌రేలో కనబడదు. గోపాలపట్నం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు ఫిల్మ్ లైటుకి పెట్టి చూసి, "ఏమ్మా, బిల్లులో మూడు రాశారు, ఇందులో ఒక్కటీ లేదేం?" అని నిలదీశారు. కేస్ షీట్ మీద అతికించిన స్టిక్కర్లు చూపించాను. ప్రతి యాంకర్ డబ్బాలోనూ లాట్ నంబరు, సైజు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఆయన జేబులోంచి డైరీ తీసి మూడు నంబర్లూ రాసుకుని, నాతోనే ఒకసారి చదివించుకుని వెళ్లారు. చేయాల్సిన పని అదే. మీరు చేయించుకుంటే ఆ స్టిక్కర్లకి ఫోన్లో ఫోటో తీసుకోండి. పదేళ్ల తర్వాత ఎవరైనా లోపల ఏముందని అడిగితే చూపించడానికి ఉంటుంది.

ఈ మధ్య మేకే లేని యాంకర్లు వస్తున్నాయి. మెత్తటి అల్లిక గొట్టం, దాంట్లోంచి దారం. సన్నటి బెజ్జంలోకి దించి దారం వెనక్కి లాగితే ఆ గొట్టం ఎముక పై పెంకు కింద ఉండకట్టి ఇరుక్కుంటుంది. భుజం జారిపోయేవాళ్లకి గిన్నె అంచు కుట్టేటప్పుడు చోటు తక్కువ కాబట్టి అక్కడ ఇవి బంగారం. పెంకు పల్చబడిన పెద్దవయసు ఎముకలో మాత్రం నాకు గుండె పీచుపీచుమంటుంది. డ్రిల్‌కి దారి చూపే గొట్టాన్ని గైడ్ అంటాం. డ్రిల్ తీశాక ఆ గైడ్ వెంట్రుకవాసి కదిలినా బెజ్జం దొరకదు, కాబట్టి గైడ్ పట్టుకున్నవాళ్లు ఊపిరి బిగపట్టాల్సిందే.

కంపెనీవాళ్లు ఎప్పుడొచ్చినా మేకు గురించే మాట్లాడతారు. నేను చూసినంతలో ఆటంతా దారానిది. నేను చేరిన కొత్తలో పాత సీనియర్ సార్ ఒకాయన ఇంకా ఆకుపచ్చ ఎథిబాండ్‌తోనే కట్టేవారు. పాలియెస్టర్ అల్లిక దారం, చేతికి మెత్తగా ఉంటుంది, ముడి బుద్ధిగా కూర్చుంటుంది, కానీ గట్టిగా బిగిస్తే పుటుక్కుమనేది. తర్వాత ఫైబర్‌వైర్ వచ్చింది. నీలం రంగు దారం, రెండో పోగు గుర్తుపట్టడానికి తెలుపు మీద నల్ల చారలది. లోపల అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలీఎథిలీన్, పైన పాలియెస్టర్ అల్లిక. ఇది తెగదు. మామూలు కత్తెర దీన్ని కొయ్యదు, నములుతుంది. దీనికని వేరే కట్టర్ ఉంచుకోవాలి. ముడి బిగించేటప్పుడు వేలి దగ్గర గ్లవ్ తెగిన సందర్భాలు నాకు లెక్కలేవు.

పెదజాలారిపేట నుంచి ఒక తాత వచ్చాడు. నలభై ఏళ్లు వల లాగిన కుడి భుజం. ఆపరేషన్ ముందురోజు వార్డులో భయంగా కూర్చుంటే, కంపెనీవాళ్లు వదిలేసిన శాంపిల్ యాంకర్ తెచ్చి చూపించాను. మేకు వంక చూడనేలేదు. దారం పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపాడు, పంటితో కొరకబోయాడు. "ఇదేటమ్మా, మా గేలం దారమే కదా!" అన్నాడు. నవ్వేశాను గానీ తాత చెప్పింది నిజం. పెద్ద చేపలకు వాడే అల్లిక గేలం దారం, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లలో వాడే పోగు, ఇదీ ఒకే జాతి పాలీఎథిలీన్. అక్కడితో ఆగలేదు. "ఇది జారిపోద్దమ్మా. నీట్లో ముడి నిలబడదు. ఇంకో రెండు ముడులు ఎక్కువెయ్యమని సెప్పు డాక్టరుబాబుకి." మర్నాడు టేబుల్ దగ్గర సార్‌కి చెప్పాను. ఆయన మాస్కు వెనక నవ్వి, "కరెక్టే చెప్పాడు" అన్నారు.

ఎందుకు కరెక్టంటే, ఈ దారం ఎంత బలమైనదో అంత నున్నన. భుజం కెమెరా ఆపరేషన్ మొత్తం సెలైన్ నీళ్లలోనే జరుగుతుంది, మూడు లీటర్ల సంచులు ఒకదాని తర్వాత ఒకటి వేలాడదీస్తూనే ఉంటాం. మొదట జారుముడి వేసి కిందికి తోస్తారు. దాని మీద సగం ముడులు కనీసం మూడు, ఒక్కో దానికీ పోగు మార్చి, దిశ మార్చి వెయ్యాలి. ఒకే వైపు వేస్తూ పోతే అవి ముడులు కావు, చుట్లు. నేను మనసులో లెక్కపెడతాను. రెండు దగ్గర ఆగితే కట్టర్ అందించను, చెయ్యి అలాగే ఉంచుతాను. కొత్త డాక్టర్లకి మొదట్లో కోపం వచ్చేది.

తెగని దారంతో ఇంకో పేచీ ఉంది. దారం తెగకపోతే ఏదో ఒకటి తెగాలి కదా. మేకు ఊడివచ్చిన కేసుల కంటే దారం టెండన్‌ని కోసుకుంటూ వచ్చేసిన కేసులే నేను ఎక్కువ చూశాను. జున్నుముక్కని దారంతో కోసినట్టు. అందుకే ఇప్పుడు రెండు మిల్లీమీటర్ల వెడల్పు టేపులు వాడుతున్నారు. పీలిక టెండన్ ఉన్న పెద్దవాళ్లకి టేపు తీసినప్పుడల్లా నాకు కొంచెం టెన్షన్ తగ్గుతుంది. ముడి లేని యాంకర్లలో ఈ టేపునే బయటివైపు వేసే రెండో వరస మేకుతో పాటు ఎముకలోకి దించి బిగించేస్తారు. టైము కలిసొస్తుంది. బిగువు ఎంతన్నది మాత్రం ఆ ఒక్క క్షణంలోనే తేలిపోవాలి.

మేకు ఏ కోణంలో దించాలన్న దాని మీద థియేటర్లో విన్న కథ ఒకటి నాకిష్టం. అమెరికాలో స్టీఫెన్ బర్కార్ట్ అనే సర్జన్ 1995లో దక్షిణ టెక్సస్ పొలాల కంచె స్తంభాలను చూసి, యాంకర్ లాగుడుకి ఎదురుగా 45 డిగ్రీల వాలులో ఉంటే బాగా పట్టుకుంటుందని రాశాడు. మనకి టెక్సస్ దాకా ఎందుకు, షామియానావాళ్లు మేకు నిట్టనిలువుగా కొడతారా? తర్వాత ప్రయోగశాలల్లో చేసిన పరీక్షల్లో మర ఉన్న యాంకర్లు నిలువుగా దించినా తీసిపోవని తేలింది. మా సార్ మాత్రం వాలు వదల్లేదు, నేనూ అడగలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. రెండు దారాలున్న యాంకర్ అంటే నాలుగు కొసలు. ఒక్కో కొసనీ ఆర్టరీ ఫోర్సెప్స్‌తో, అంటే కత్తెరలా ఉండే పట్టకారుతో, పట్టి ఉంచాలి. మేం దాన్ని ఆర్టరీ అనేస్తాం. 2013లో ఒకసారి చోటు చాలడం లేదని నేనే ఒక ఆర్టరీ విప్పాను. అదే నిమిషంలో డాక్టర్ అవతలి కొస లాగారు. దారం సర్రున జారి యాంకర్ కన్నులోంచి మొత్తం బయటికొచ్చేసింది. మిగిలింది ఒక్క దారం. దాంతో చాలదని ఇంకో యాంకర్ విప్పాల్సి వచ్చింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. సాయంత్రం బిల్లులో రెండూ కనబడ్డాయి. ఒక్కోటీ ఐదంకెల ధర. ఆ పేషెంట్ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర చిన్న టిఫిన్ బండి నడిపేవాడు. వృథా అయిన యాంకర్ ఎవరి ఖాతాలో పడాలని అడిగితే ఆ రోజు జవాబు రాలేదు, ఇప్పటికీ రాలేదు. చేతిలో జారిపడినా, మెత్తటి ఎముకలోంచి ఊడి పెద్ద సైజు వేసినా, విప్పిన ప్యాకెట్ విప్పినట్టే.

ధర విషయంలో నాకో చిన్న ఆశ. మన ఊళ్లోనే స్టీల్‌ప్లాంట్ వైపు 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ ఉంది, 2018లో ప్రారంభించారు. అలాంటి చోట తయారైన యాంకర్ ఒకటి నా ట్రేలో పెట్టుకుని, దాని దారం తాతలాగా రెండు వేళ్ల మధ్య నలిపి చూడాలనుంది. హ్యాండిల్ కూడా కాస్త గరుకుగా చేస్తే బాగుణ్ణు. తడి గ్లవ్స్‌లో ఇప్పుడున్నవి చేపల్లా జారుతున్నాయి.

నాకే వేయాల్సి వస్తే ఏది అని మా జూనియర్ అమ్మాయి మొన్న అడిగింది. పీక్, లోపలి వరసకి ముడులు, బయటి వరసకి టేపు, ఆరు వారాలు స్లింగ్. ఆర్టరీలు పట్టుకునేది నువ్వు కాకూడదు అన్నాను, ఉడుక్కుంది. అడగడానికి కారణం ఉందిలెండి. ఈ మధ్య రాత్రుళ్లు ఎడమ భుజం మీద పడుకోలేకపోతున్నాను, జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోవడం లేదు. సార్ చూసి ఎమ్మారై రాశారు. చీటీ బ్యాగులోనే ఉంది.