హాల్లో రెండు స్పీకర్లకి ఏ ఆంప్ మేలు? చిన్న క్లాస్ డి డబ్బానా, 5200 అసెంబుల్డ్ ఆ, కంపెనీ ఇంటిగ్రేటెడ్ ఆ

ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొనేశాక చాలామంది ఆగిపోయేది ఆంప్ దగ్గరే. స్పీకర్లకే బడ్జెట్ సగం పైన అయిపోయి ఉంటుంది, షాపులో అడిగితే 1000 వాట్స్ 2000 వాట్స్ అని చెప్తారు, ఆన్‌లైన్‌లో చూస్తే అరచేతిలో పట్టే డబ్బా మీద 300 వాట్స్ అని రాసుంటుంది, ఇంకోపక్క యమహా వాడు పెద్ద బరువైన బాక్స్ ఇచ్చి 60 వాట్స్ అంటాడు. దీంట్లో ఏది నమ్మాలో తెలిస్తే మిగతాది ఈజీ, అందుకే ముందు వాట్స్ సంగతి తేల్చేసి తర్వాత మూడు దారుల్లో ఏది మేలో చూద్దాం: కరెంట్‌ని వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ నడిచే చిన్న క్లాస్ డి డబ్బా, 5200 ట్రాన్సిస్టర్ల బోర్డుతో మెకానిక్ కట్టే అసెంబుల్డ్ ఆంప్, అన్నీ ఒకే బాక్స్‌లో వచ్చే కంపెనీ ఇంటిగ్రేటెడ్ ఆంప్.

మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ సెన్సిటివిటీ 86 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) దగ్గర ఉంటుంది, అంటే 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో 86 డీబీ సౌండ్. మనం కూర్చునేది రెండున్నర మూడు మీటర్ల దూరంలో, దూరం వల్ల కొంత తగ్గుతుంది, రెండు స్పీకర్లు ఉండటం వల్ల, గోడల వల్ల కొంత పెరుగుతుంది, మొత్తానికి చెవి దగ్గరకి 80 డీబీ పైచిలుకు వస్తుంది. అది కూడా 1 వాట్ కే! పక్కవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సినంత సౌండ్ అది. మరి మిగతా వాట్స్ ఎందుకంటే పీక్స్ కోసం. మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు, డ్రమ్స్ ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు ఆ క్షణానికి సగటు కన్నా 10 నుంచి 15 డీబీ ఎక్కువ కావాలి. 10 డీబీ పెరగాలంటే పవర్ 10 రెట్లు, 15 డీబీకి సుమారు 32 రెట్లు. అంటే నిజమైన 30 నుంచి 50 వాట్స్ ఉంటే మామూలు హాల్‌కి సరిపోతుంది. ఇంకోటి, 50 వాట్స్ ఆంప్ తీసి 100 వాట్స్ ది పెడితే పెరిగేది 3 డీబీ మాత్రమే, అది చెవికి కొంచెం తేడా అనిపిస్తుంది అంతే, డబుల్ సౌండ్ రాదు. ఆ డబ్బులేవో 89 డీబీ స్పీకర్ మీద పెడితే అదే తేడా వస్తుంది. అయితే 4 ఓమ్ స్పీకర్లకి (ఓమ్ అంటే స్పీకర్ కరెంట్‌కి ఎంత అడ్డుపడుతుందో చెప్పే ఇంపీడెన్స్ కొలత) సెన్సిటివిటీ 2.83 వోల్ట్స్ దగ్గర కొలిచి ఇస్తే అది 1 వాట్ కాదు 2 వాట్స్, కాబట్టి ఆ అంకెలోంచి 3 డీబీ తీసేసి చూడండి.

ఇప్పుడు ఆ "300 వాట్స్" కథ. చిన్న క్లాస్ డి ఆంప్స్‌లో ఫోసీ వీ3, ఐయిమా ఏ07 లాంటి వాటిలో ఉండేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీపీఏ3255 చిప్. చిప్ మంచిదే, అందులో సందేహం లేదు. కానీ దాని 315 వాట్స్ అనేది 4 ఓమ్ లోడ్ మీద, 51 వోల్ట్స్ సప్లైతో, 10 శాతం డిస్టార్షన్ (సౌండ్ వక్రీకరణ) దగ్గర చెప్పిన మాట. 10 శాతం అంటే పాట పగిలిపోతున్నట్టు వినపడే స్థాయి. మీ ఇంట్లో ఎంత వస్తుందో తెలుసుకోవాలంటే అడాప్టర్ మీద రాసిన వోల్టేజ్ చూడండి. ఈ ఆంప్స్ బ్రిడ్జ్ పద్ధతిలో, అంటే స్పీకర్ రెండు వైర్లనీ ఎదురెదురుగా నడిపిస్తూ, పనిచేస్తాయి కాబట్టి వోల్టేజ్‌ని వోల్టేజ్‌తో గుణించి 8 ఓమ్ స్పీకర్‌కి 16 తో భాగించండి, అదే ఒక ఛానల్‌కి గరిష్ఠం. 24 వోల్ట్స్‌కి 36 వాట్స్, 32 వోల్ట్స్‌కి 64, 48 వోల్ట్స్‌కి 144. అసలు వచ్చేది దీనికన్నా కొంచెం తక్కువే ఉంటుంది. తర్వాత ఆంపియర్లు చూడండి, 48 వోల్ట్స్ 5 ఆంప్స్ అంటే మొత్తం 240 వాట్స్ అడాప్టర్, అందులోంచి రెండు పక్కలా 300 చొప్పున 600 ఎక్కడి నుంచి వస్తాయి? రావు. కానీ బాధపడక్కర్లేదు, పైన చూశాం కదా మనకి కావాల్సింది 30-50 మాత్రమే, కాబట్టి 32 వోల్ట్స్ 5 ఆంప్స్ అడాప్టర్ 8 ఓమ్ స్పీకర్లకి చక్కగా చాలు. టీపీఏ3116 చిప్ ఉన్న ఇంకా చవక డబ్బాలకి 100 వాట్స్ అని రాస్తారు, ఆ చిప్ తయారుచేసిన కంపెనీ లెక్కలోనే 21 వోల్ట్స్ దగ్గర 4 ఓమ్‌కి 50 వాట్స్, అదీ 10 శాతం డిస్టార్షన్‌తో. బెడ్‌రూమ్‌కి, కంప్యూటర్ టేబుల్‌కి ఓకే, హాల్‌కి నేను సజెస్ట్ చెయ్యను.

క్లాస్ డి లో నాకు బాగా నచ్చేది కరెంట్ విషయం. వేడి దాదాపు ఉండదు, అడాప్టర్ ఎస్ఎంపీఎస్ (లైన్ వోల్టేజ్ మారినా తనే సర్దుకునే సప్లై) కాబట్టి 100 నుంచి 240 వోల్ట్స్ వరకు ఎంతొచ్చినా లెక్కచెయ్యదు, ఎండాకాలం సాయంత్రం ఊళ్ళో వోల్టేజ్ 180 కి పడిపోయినా దాని అవుట్‌పుట్ మారదు. ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్ అయితే లైన్ వోల్టేజ్ పడితే పవర్ కూడా పడుతుంది, చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే బుర్రుమని శబ్దం కూడా రావచ్చు. లోపాలు లేవా అంటే ఉన్నాయి. చవక వాటిలో అవుట్‌పుట్ ఫిల్టర్ వల్ల స్పీకర్ ఇంపీడెన్స్‌ని బట్టి ట్రెబుల్ కొంచెం మారుతుంది, 8 ఓమ్‌కి కాస్త పైకి, 4 ఓమ్‌కి కాస్త కిందకి, ఈ సమస్య లేకుండా ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే మోడల్స్ వస్తున్నాయి, పీఎఫ్ఎఫ్‌బీ అని ఉంటే అదే, నాలుగు రూపాయలు ఎక్కువైనా అవే తీసుకోండి. రిమోట్ చాలావాటికి ఉండదు. ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది, వీటిలో స్పీకర్ మైనస్ వైర్ గ్రౌండ్ కాదు, రెండు ఛానల్స్ మైనస్ కలిపినా, దాన్ని బాడీకి తగిలించినా ఆంప్‌కి ప్రమాదం.

ఇక మనవాళ్ళకి బాగా అలవాటైన దారి, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో బోర్డులు కొనడమో మెకానిక్ దగ్గర అసెంబుల్ చేయించడమో. ఒకప్పుడు 4440 ఐసీ బోర్డు, అది ఛానల్‌కి 6 వాట్స్, బ్రిడ్జ్ చేస్తే 19, ఇప్పుడందరూ అడిగేది 5200, 1943 ట్రాన్సిస్టర్ల బోర్డు. దీన్ని తక్కువ చెయ్యను, సరిగ్గా కడితే నిజంగా మంచి ఆంప్, రిపేర్ మన ఊళ్ళోనే అయిపోతుంది, పదేళ్ళ తర్వాత కూడా పార్ట్స్ దొరుకుతాయి, క్లాస్ డి డబ్బా పోతే చాలాచోట్ల చూసేవాళ్ళే లేరు. కానీ "సరిగ్గా" అన్నమాట దగ్గరే అంతా ఉంది. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ 5 ఆంప్స్ ది పెడితే రెక్టిఫై అయ్యాక (ఏసీ డీసీగా మారాక) అటూ ఇటూ 34 వోల్ట్స్ దగ్గర వస్తుంది, నష్టాలు పోను 8 ఓమ్‌కి 50 వాట్స్ నిలబడుతుంది, అది చాలు. కాపర్ అని చెప్పి అల్యూమినియం వైండింగ్ ట్రాన్స్‌ఫార్మర్ అంటగట్టేవాళ్ళు ఉన్నారు, 5200 లో నకిలీలు కుప్పలుగా ఉన్నాయి, బయట అక్షరాలు ఒకేలా ఉంటాయి లోపల చిప్ చిన్నది, కొంచెం సౌండ్ పెంచగానే షార్ట్ అవుతుంది. షార్ట్ అయితే ఏమవుద్దంటే ఆ 34 వోల్ట్స్ డీసీ నేరుగా వూఫర్‌లోకి వెళ్ళి కాయిల్ కాలిపోతుంది, అంటే ఆంప్‌లో మిగిల్చిన డబ్బు స్పీకర్‌లో పోయినట్టు. అందుకే 1237 ఐసీ, రిలే ఉన్న స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు లేకుండా అసెంబుల్డ్ ఆంప్ అస్సలు వాడొద్దు, దానికయ్యే ఖర్చు ఎంతో కాదు. తయారయ్యాక మొదటిసారి కరెంట్ లైన్‌లో సీరీస్ బల్బు పెట్టి (షార్ట్ ఉంటే బల్బు వెలిగి ఆంప్ కాలకుండా ఆపుతుంది) ఆన్ చెయ్యమనండి, స్పీకర్ పెట్టకముందు టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో డీసీ చూడమనండి, 50 మిల్లీవోల్ట్స్ లోపల ఉండాలి. ఈ రెండూ అడిగితే చిరాకు పడే మెకానిక్ దగ్గర చేయించకపోవడమే మంచిది. ముందు ప్యానల్‌కి బిగించే యూఎస్‌బీ బ్లూటూత్ ఎఫ్ఎం కిట్ కూడా వద్దు, దానికి సప్లై విడిగా ఇవ్వకపోతే పాటల మధ్య కీచుమని శబ్దం వస్తుంది.

కంపెనీ ఇంటిగ్రేటెడ్ ఆంప్స్ ఈ మూడింటిలో ఖరీదు. యమహా ఏ-ఎస్301 60 వాట్స్, డెనన్ పీఎంఏ-600ఎన్ఈ 45 వాట్స్, రెండూ 8 ఓమ్‌కి. ఈ అంకెలు చిన్నగా కనిపిస్తాయి గానీ నిజమైనవి, యమహా 60 అనేది 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా 0.019 శాతం డిస్టార్షన్ దగ్గర ఇచ్చిన మాట. రెండిట్లో ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంది కాబట్టి టీవీ నేరుగా కలుపుకోవచ్చు, రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్ళకి ఫోనో ఉంది, రిమోట్ ఉంది, డెనన్‌కి బ్లూటూత్ కూడా ఉంది. క్లాస్ డి డబ్బాకి విడిగా డీఏసీ (డిజిటల్ సౌండ్‌ని ఆంప్‌కి అర్థమయ్యేలా మార్చేది), బ్లూటూత్ రిసీవర్, రికార్డ్ ప్లేయర్‌కి ఫోనో స్టేజ్ కొనుక్కుంటూ పోతే ధరలో తేడా మీరనుకున్నంత ఉండదు, పైగా వైర్ల గోల. మన దేశంలోనే తయారయ్యే నార్జ్ కూడా చూడండి, సర్వీస్ ఇక్కడే దొరకడం పెద్ద విషయం.

అహూజా లాంటి పీఏ ఆంప్స్ మైకులకి, గుడికి, ఫంక్షన్‌కి చేసినవి, ఎక్కువగా మోనో, ఇంట్లో స్టీరియోకి వద్దు. క్రౌన్ ఎక్స్ఎల్ఎస్ 1002 లాంటి ప్రో ఆంప్ 8 ఓమ్‌కి ఛానల్‌కి 215 వాట్స్ ఇస్తుంది, పెద్ద హాలు, బాగా గట్టిగా వినే అలవాటు ఉంటే ఓకే గానీ ఫ్యాన్ ఉంటుంది, రాత్రిపూట మెల్లగా వినేవాళ్ళకి అది అడ్డం. సెకండ్ హ్యాండ్ ఏవీ రిసీవర్ (హోమ్ థియేటర్ ఆంప్) మంచి బేరం అవ్వొచ్చు, పాత హెచ్‌డీఎంఐ వల్ల ఇంట్లో సినిమాల కోసం వాడేవాళ్ళు వదిలించుకుంటారు కానీ స్టీరియోకి అది అడ్డు కాదు, అయితే గంటసేపు మోగించి రెండు ఛానల్స్ వినకుండా, వాల్యూమ్ తిప్పినప్పుడు గరగర ఉందేమో చూడకుండా డబ్బులివ్వకండి.

నన్నడిగితే బడ్జెట్ టైట్‌గా ఉండి ఫోన్ లేదా కంప్యూటర్ నుంచే పాటలు వినేవాళ్ళకి టీపీఏ3255 డబ్బా, 32 లేదా 36 వోల్ట్స్ అడాప్టర్, ఇదే మేలు, అసెంబుల్డ్ కన్నా ముందు దీన్నే చెప్తాను. టీవీ కూడా కలపాలి, ఇంట్లో అమ్మానాన్న కూడా రిమోట్‌తో వాడాలి అంటే రెండు నెలలు ఆగైనా ఇంటిగ్రేటెడ్ తీసుకోండి. 5200 బోర్డు మాత్రం మీకు బాగా తెలిసిన మెకానిక్ ఉంటేనో, మీరే సోల్డరింగ్ పట్టుకునేవాళ్ళయితేనో. మీ స్పీకర్ 4 ఓమ్ అయితే ఏ ఆంప్ తీసుకున్నా కొనేముందు వెనక ప్యానల్ మీద 4 ఓమ్స్ రాసుందో లేదో చూసుకోండి, 6 నుంచి 16 అని మాత్రమే ఉంటే దాన్ని పక్కన పెట్టెయ్యండి.