ఎంఐ-17లో ఫ్లేర్లు, లీపా, ఎగ్జాస్ట్ డబ్బాలు: ఏళ్ల తరబడి వాడినవాడి సమీక్ష

ఎయిర్‌ఫోర్స్‌లో ఆర్మమెంట్ ట్రేడ్‌లో, అంటే ఆయుధాల పనిలో, చేసి రిటైరయ్యాను. సర్వీసులో పెద్ద భాగం ఎంఐ-17 హెలికాప్టర్లతోనే గడిచింది. పైన కూర్చుని బటన్ నొక్కేది పైలట్లు, కింద మోకాళ్ల మీద కూర్చుని ఫ్లేర్లు (మిసైల్‌ను తప్పుదారి పట్టించడానికి వదిలే మండే గుళ్లు) నింపేదీ, ఖాళీ క్యాసెట్లు విప్పేదీ, మసి తుడిచేదీ మా బ్యాచ్. ఫోన్లకీ కార్లకీ ఎన్ని సమీక్షలైనా దొరుకుతాయి, వేడిని పట్టుకుని వచ్చే మిసైల్ నుంచి హెలికాప్టర్‌ను కాపాడే సామాను గురించి వాడినవాళ్లు రాసింది మాత్రం కనబడదు, అందుకని నేనే రాస్తున్నా. ఇందులో రహస్యాలేమీ లేవు. అంతా సోవియట్ కాలం సరుకు, ఎన్నో దేశాలు వాడాయి, వివరాలన్నీ ఎప్పుడో అచ్చయిపోయాయి.

మార్కులు ముందే ఇచ్చేస్తా. ఇంజిన్ పొగను చల్లార్చే ఎగ్జాస్ట్ డబ్బాలకు ఐదుకి నాలుగు, ఫ్లేర్లకు మూడున్నర, మిసైల్ లెక్కను చెడగొట్టే మినుకుల దీపం లీపాకు ఒకప్పుడైతే నాలుగు ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు ఒకటిన్నర. ఎయిర్ షోలో జనం చప్పట్లు కొట్టేది ఫ్లేర్లకే, నా ఓటు మాత్రం ఎవరూ ఫొటో తీయని ఆ డబ్బాలకి.

మిసైల్ సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఈ మార్కులు అర్థం కావు. 1950ల నాటి సైడ్‌వైండర్, 1968లో వచ్చిన సోవియట్ స్ట్రెలా-2 లాంటివాటి ముక్కులోని సెన్సర్‌కి బాగా కాలిన ఇంజిన్ లోహమే కనబడేది, కాబట్టి వెనక నుంచే పేల్చాలి. తర్వాత సెన్సర్‌ను గ్యాస్‌తో చల్లబరచడం మొదలుపెట్టారు, దాంతో ఇంజిన్ నుంచి వచ్చే వేడి పొగ కూడా దానికి కనబడసాగింది, ఇక ఎటువైపు నుంచైనా పేల్చొచ్చు. ఇదంతా ఒక మనిషి భుజాన వేసుకుని కొండెక్కే గొట్టంలో పట్టేసింది. హెలికాప్టర్ ఏమో మెల్లగా పోతుంది, కిందగా పోతుంది, ఎంఐ-17కైతే రెండు ఇంజిన్ల పొగ గొట్టాలూ చెరో పక్కకి తెరుచుకుని ఉంటాయి. 1986 సెప్టెంబర్‌లో జలాలాబాద్ దగ్గర ముజాహిదీన్లు మొదటిసారి అమెరికా స్టింగర్ మిసైళ్లతో సోవియట్ ఎంఐ-24లను కూల్చింది ఇలాంటి పరిస్థితిలోనే. అఫ్గాన్ యుద్ధంలో పోయిన హెలికాప్టర్ల అనుభవంతోనే సోవియట్లు ఈ మూడు సామాన్లనీ వరసగా బిగించుకుంటూ వచ్చారు, అవే మన దాకా వచ్చాయి.

ఫ్లేర్లను వదిలే డబ్బాని డిస్పెన్సర్ అంటారు, మాది ఏఎస్ఓ-2వీ. ఒక్కో డబ్బాలో 32 రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో 26 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్. కార్ట్రిడ్జ్‌లో గట్టిగా నొక్కిన మందు ఉంటుంది, అంటుకుంటే రెండు వేల డిగ్రీలు దాటి కాలుతుంది, కానీ కొన్ని సెకన్లే. ఎన్ని వదలాలి, ఎంత ఎడంతో వదలాలి అనేది కాక్‌పిట్‌లో ముందే పెట్టుకోవచ్చు. డిజైన్ మొరటుగా ఉంటుంది, అదే దాని గొప్ప. దుమ్ము, మంచు, వాన దేనికీ పెద్దగా అలగదు. చేతి తొడుగులతో కూడా నింపొచ్చు, చలికాలంలో లద్దాఖ్‌లో పనిచేసినవాళ్లకి ఆ విలువ తెలుసు.

నింపే పని చూడటానికి తేలికే గానీ టెన్షన్ మాత్రం తగ్గదు. ముందు హెలికాప్టర్‌కి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూడాలి, నైలాన్ బట్టలు వేసుకోకూడదు, ఎర్ర రిబ్బన్ వేలాడే సేఫ్టీ పిన్ దాని చోట ఉండాలి, ఆ తర్వాత మీటర్ పెట్టి కాంటాక్టుల్లో దొంగ కరెంట్ ఏమైనా వస్తోందేమో ఒక్కొక్కటీ చూసుకోవాలి. అప్పుడు గానీ క్యాసెట్ ఎక్కించకూడదు, ఎక్కించేటప్పుడు మొహం ఎదురుగా పెట్టకూడదు. ఈ వరసలో ఒక్కటి తప్పినా చెయ్యి పోతుంది. అంతా అయ్యాక, ఇంజిన్లు తిరుగుతుండగా, పిన్ తీసి ఆ రిబ్బన్‌ను చేత్తో పైకెత్తి పైలట్‌కి చూపించాలి, ఆయన తల ఊపాకే మనం పక్కకి జరగాలి.

ఇక విసిగించిన విషయాలు. డిస్పెన్సర్ కాంటాక్టుల మీద ఫ్లేర్లు పేలాక తెల్లటి బూడిద పేరుకుంటుంది. అదే రోజు గీకి తుడవకపోతే తేమకి గట్టిపడి పచ్చబారిపోతుంది, తర్వాతి సారి బటన్ నొక్కితే నాలుగింటిలో ఒకటి రాదు. సముద్రం దగ్గరి బేసుల్లో ఇది మరీ ఎక్కువ. పేలకుండా లోపలే ఉండిపోయిన కార్ట్రిడ్జ్ ఉంటే హెలికాప్టర్ దిగాక కూడా మనం దగ్గరికి పోకూడదు, కాసేపు ఆగాలి, ఈలోపు అందరూ మన మీదే అరుస్తుంటారు. కాంటాక్ట్ ప్లేట్లు అరిగిపోయాయని, కొత్తవి కావాలని ఇండెంట్ కాగితం పెడితే ఒక డిపో నుంచి ఎన్ని నెలలైనా జవాబు లేదు, చివరికి వచ్చినవి వేరే మోడల్‌వి. ఇలాంటప్పుడు ఏం జరుగుతుందంటే, ఒక హెలికాప్టర్ నుంచి విప్పి ఇంకో హెలికాప్టర్‌కి బిగిస్తాం, కాగితం మీద రెండింటికీ డిస్పెన్సర్ ఉంటుంది, నిజంగా ఉండేది ఒక్కదానికే. ఫ్లేర్లకు అర మార్కు కోసింది ఇందుకే.

మరో అర మార్కు కోసింది లెక్క వల్ల. ఆరు డిస్పెన్సర్లు బిగిస్తే మొత్తం 192 ఫ్లేర్లు. వినడానికి చాలా అనిపిస్తుంది. నాలుగేసి చొప్పున నాలుగు సెకన్లకోసారి వదిలితే మూడు నిమిషాల పైచిలుకులో అయిపోతాయి. పాత ఎంఐ-17కి మిసైల్ వస్తోందని చెప్పే సెన్సర్ లేదు, తలుపు దగ్గర కూర్చున్నవాడి కళ్లే సెన్సర్, పొగ తోక కనబడితే అరవాలి. మిసైల్‌కి రెండు మూడు కిలోమీటర్లు వచ్చేయడానికి కొన్ని సెకన్లు చాలు, అరిచి నొక్కే టైమ్ ఎక్కడిది? కాబట్టి ప్రమాదం ఉందనుకున్న చోట దిగేటప్పుడూ లేచేటప్పుడూ ముందుజాగ్రత్తగా వదులుతూ పోవడమే. అంటే అసలు అవసరం వచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉండే అవకాశమూ ఉంది.

ఇంకో అర మార్కు మిసైళ్ల వల్లే పోయింది. ఫ్లేర్ మరీ వేడి, ఇంజిన్ పొగ అంత వేడి కాదు, కాబట్టి రెండూ వెదజల్లే కిరణాల రంగు వేరు. 1983లో సర్వీసులోకి వచ్చిన సోవియట్ ఇగ్లా మిసైల్ లాంటివి రెండు రంగుల్లో చూసి పోల్చుకుంటాయి, మరీ తెల్లగా మండుతున్నదాన్ని వదిలేస్తాయి. పైగా ఫ్లేర్ వదలగానే గాలికి ఆగి కిందికి రాలుతుంది, హెలికాప్టర్ ముందుకు పోతూనే ఉంటుంది, ఈ తేడాని కూడా కొత్త సీకర్లు, అంటే మిసైల్ ముక్కులోని కళ్లు, పట్టేస్తాయి. అందుకే ఇంజిన్ పొగ రంగులోనే మండే ఫ్లేర్లు, కొంతదూరం విమానంతో పాటే ఎగిరే ఫ్లేర్లు వచ్చాయి. మేం వాడినవి ఆ రకం కావు.

ఇంత తిట్టాక కూడా మూడున్నర ఎందుకు ఇచ్చానంటే కార్గిల్ వల్ల. 1999 మే 21న ఫొటోలు తీయడానికి వెళ్లిన కాన్‌బెర్రా విమానానికి మిసైల్ తగిలింది, సిబ్బంది ఒక్క ఇంజిన్‌తో దాన్ని శ్రీనగర్ దాకా తెచ్చారు. 27న స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మిగ్-21 మిసైల్‌కి పోయింది. 28న తోలోలింగ్ మీద రాకెట్ల దాడికి వెళ్లిన ఎంఐ-17ను కూల్చారు, లోపల ఉన్న నలుగురూ పోయారు. ఆ హెలికాప్టర్‌కి ఫ్లేర్ డిస్పెన్సర్ లేదు. ఈ ఒక్క వాక్యం మా ట్రేడ్‌లో ఎవరికీ వివరించక్కర్లేదు. ఫ్లేర్లు ఉంటే కచ్చితంగా బతికేవాళ్లని నేను చెప్పను, ఎవరూ చెప్పలేరు, కానీ లేకుండా వెళ్లడం వేరు, ఉండి వెళ్లడం వేరు.

కొండల్లో ఇంకో తిరకాసు ఉంది, మైదానంలో పనిచేసినవాళ్లకి తట్టదు. భుజం మీది మిసైల్ మూడున్నర కిలోమీటర్ల ఎత్తు వరకే అందుతుంది అంటారు, ఆ కొలత పేల్చేవాడు నిలబడ్డ చోటు నుంచి. వాడే 15 వేల అడుగుల శిఖరం మీద కూర్చుంటే? ఎంఐ-17 ఊపిరి బిగబట్టి ఎక్కగలిగిన ఎత్తులో వాడు సమానంగానో, ఒక్కోసారి పైనుంచో చూస్తుంటాడు. వెనక మంచు కొండ, చల్లటి ఆకాశం, మధ్యలో రెండు వేడి గొట్టాలు. మన ఫ్లేర్లేమో కిందికి రాలతాయి. అందుకే మే 28 తర్వాత దాడి పనికి హెలికాప్టర్లను పంపడం ఆపేశారు, జెట్లు మిసైల్ అందనంత ఎత్తుకు వెళ్లి అక్కడి నుంచి కొట్టడం మొదలుపెట్టాయి, జూన్ 24న మిరాజ్-2000లు టైగర్ హిల్ మీద లేజర్ గైడెడ్ బాంబులు వేసింది అలాగే. ఎత్తుని మించిన కవచం లేదని నాకు అప్పుడే ఖాయమైంది, కానీ సామాను దించాల్సిన హెలికాప్టర్ ఎప్పుడో ఒకప్పుడు కిందికి దిగాల్సిందే కదా.

ఇప్పుడు ఎగ్జాస్ట్ డబ్బాలు, రష్యన్‌లో ఈవీయూ. పొగ గొట్టం చివర బిగించే పెద్ద పెట్టె. బయటి చల్లగాలిని లోపలికి లాగి ఇంజిన్ పొగతో కలిపి, చల్లార్చి బయటికి వదులుతుంది, ఎర్రగా కాలే లోహం బయటికి కనబడకుండా అడ్డుగా కూడా ఉంటుంది. బటన్ లేదు, కార్ట్రిడ్జ్ లేదు, అయిపోవడం లేదు, ఎవడూ అరవక్కర్లేదు. మిసైల్ పేల్చేవాడికి ముందు లాక్ దొరకాలి, అంటే సెన్సర్ టార్గెట్‌ను పట్టాలి, గొట్టంలోంచి కీచుమని శబ్దం వస్తే గానీ వాడు ట్రిగ్గర్ నొక్కడు. ఈ డబ్బా ఆ లాక్ దొరికే దూరాన్నే తగ్గించేస్తుంది. దూరం తగ్గితే వాడు ఇంకా దగ్గరికి రావాలి, మనకి ఒకటి రెండు సెకన్లు మిగులుతాయి, ఫ్లేర్ కూడా చల్లబడ్డ ఇంజిన్ పక్కన బాగా పనిచేస్తుంది.

మరి నాలుగే ఎందుకు? బరువు. ఇంజిన్ పవర్ కొంచెం తింటుంది కూడా. కింద బేసులో ఆ కొంచెం ఎవరికీ పట్టదు, లేహ్ దాటాక ప్రతి కిలోకీ బేరమే. ఈ డబ్బాలు తీసేస్తే ఇంకో రెండు కిరోసిన్ జెరీక్యాన్లు పైకి పోతాయంటే, పైన పోస్టులో చలికి వణికేవాళ్లని తలుచుకుని ఎవరైనా తీసేయమనే అంటారు. తప్పని కూడా అనలేం. నన్నడిగితే శత్రువు మిసైల్ ఉందన్న అనుమానం ఉన్న చోట వీటిని తీయకూడదు, లోడ్ తగ్గించి ఇంకో ట్రిప్ వేసుకోవాలి. దీని మీద పైలట్లతో వాదన పెట్టుకుని నెగ్గింది తక్కువే. విప్పి బిగించడం కూడా పెద్ద పనే, బోల్టులు వేడికి పట్టేస్తాయి, ఆ తిట్లు ఇంజిన్ ట్రేడ్ వాళ్లనడగండి.

లీపా గురించి క్లుప్తంగా. రోటర్ వెనక, హెలికాప్టర్ వీపు మీద నిలబెట్టిన లాంతరు లాంటి సామాను, ఎల్-166వీ. లోపల బాగా వేడెక్కే హీటర్, దాని చుట్టూ తిరిగే తెర, కాబట్టి వేడి వెలుగు ఆగి ఆగి వస్తుంది. పాత మిసైళ్ల సీకర్ ముందు ఒక గీతల చక్రం తిరుగుతుండేది, ఫ్యాన్ రెక్కల మధ్య నుంచి బల్బును చూస్తే మినుకుమన్నట్టు, ఆ మినుకుని బట్టే టార్గెట్ ఎటుందో అది లెక్కేసుకునేది. లీపా తన మినుకులతో ఆ లెక్కని చెడగొట్టేది. భలే తెలివైన ఐడియా, కార్ట్రిడ్జ్ ఖర్చు లేదు, ఎగురుతున్నంతసేపూ పనిచేస్తుంది. ఇబ్బంది ఏంటంటే సీకర్లు మారిపోయాయి, ఆ చక్రం పద్ధతి వదిలేసిన మిసైళ్లకి ఇది తప్పుదారి చూపకపోగా అదనపు వేడి చుక్కగా కనబడే ప్రమాదం ఉంది. కరెంటు బాగా తాగుతుంది, ఆపిన వెంటనే దాని మీద చెయ్యి పడితే చర్మం ఊడుతుంది. ఇప్పుడీ పనిని లేజర్ చేస్తోంది, 2020లో ప్రధాని, రాష్ట్రపతి ప్రయాణాల కోసం వచ్చిన బోయింగ్ 777లకు ఉన్నది ఆ రకమే, వచ్చే మిసైల్ కంట్లోకి సూటిగా కొడుతుంది. దాని ధర వింటే మాత్రం హెలికాప్టర్ స్క్వాడ్రన్ వాళ్లు ఆశ వదులుకుంటారు.

కొత్తగా వస్తున్నవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది మిసైల్ రాకను చెప్పే సెన్సర్. కొన్ని అతినీలలోహిత కిరణాలను చూస్తాయి. సూర్యుడి నుంచి వచ్చే ఆ బ్యాండ్‌ని ఓజోన్ పొర మింగేస్తుంది కాబట్టి కింద ఆ వెలుగు కనబడిందంటే అది దాదాపు మంటే, మిసైల్ మోటారే కావచ్చు. కావచ్చు అనే అంటున్నా, ఎందుకంటే వెల్డింగ్ ఆర్క్‌ని చూసి కూడా ఇలాంటివి ఉలిక్కిపడతాయి. ఉలిక్కిపడ్డ ప్రతిసారీ ఫ్లేర్లు వాటంతటవే పోతే ఎండిన గడ్డి మీద ఏమవుతుందో ఊహించుకోండి. సెన్సర్ చెప్పగానే ఫ్లేర్లు వదిలే డిస్పెన్సర్లు మన హైదరాబాద్ బీడీఎల్ (భారత్ డైనమిక్స్) లోనే తయారవుతున్నాయి, కాంటాక్టుల కోసం సముద్రాల అవతలికి ఉత్తరాలు రాసే బాధ తగ్గుతుందని ఆశ. ఎంఐ-17 వీ5లకి ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ సూట్లు (మిసైల్ హెచ్చరిక, డిస్పెన్సర్ లాంటివి కలిసిన సెట్లు) బిగించడానికి 2025 ఏప్రిల్‌లో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) తో 2,385 కోట్ల ఒప్పందం కూడా అయింది, ఆలస్యమైనా మంచిదే.

ఆ కిట్లు బిగించబోయే కుర్రాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే నాకో సంగతి చెప్పండి: సెన్సర్ అద్దం మీద మసి తుడవాలంటే చెయ్యి అందుతుందా, లేక మళ్లీ నిచ్చెన కోసం హ్యాంగర్ అంతా తిరగాలా?