ఆలివర్ నెల్సన్ 'బ్లూస్ అండ్ ది ఆబ్‌స్ట్రాక్ట్ ట్రూత్' కొత్త ఎల్‌పీ: చాలాకాలం విన్నాక నా మాట

ఈ జాజ్ రికార్డు కొన్నది ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్ కోసం, ఎరిక్ డాల్ఫీ ఫ్లూట్ కోసం. ఇన్నాళ్లు విన్నాక ఇప్పుడు నా చెవి ముందుగా వెతికేది జార్జ్ బారో బారిటోన్ శాక్సఫోన్‌ని. ఆల్బమ్ మొత్తంలో బారోకి ఒక్క సోలో (ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగం) కూడా లేదు. మిగతా వాళ్ల కింద నిలబడి అడుగు స్వరాలు మోస్తాడు, అంతే. స్ట్రీమింగ్‌లో ఏళ్లపాటు విన్నా నాకు ఆయన ఉన్నట్టే తెలియలేదు. ఈ ఎల్‌పీలో తెలిసింది. దీనికి పెట్టిన డబ్బుకి నాకు ఆ ఒక్క కారణం చాలు.

విషయం తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. 1961 ఫిబ్రవరి 23న న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేసిన ఆల్బమ్ ఇది. అప్పుడే మొదలైన ఇంపల్స్ లేబుల్ తొలి రికార్డుల్లో ఒకటి. నిర్మాత క్రీడ్ టేలర్. పాటలన్నీ ఆలివర్ నెల్సన్‌వే, శాక్సఫోన్ కూడా ఆయనే వాయించాడు. పియానో బిల్ ఎవాన్స్, బేస్ పాల్ చేంబర్స్, డ్రమ్స్ రాయ్ హేన్స్. హబ్బర్డ్‌కి అప్పటికి 22 ఏళ్లే. రాయ్ హేన్స్ 2024లో, 99 ఏళ్ల వయసులో పోయాడు. ఆ వార్త విన్న రాత్రి నేను పెట్టుకున్నది ఈ రికార్డే.

నెల్సన్ ఇక్కడ చేసిన పని పైకి చాలా చిన్నది. బ్లూస్ పాటకి 12 బార్ల (బార్ అంటే కొన్ని తాళం దెబ్బల చిన్న గుంపు) చక్రం ఉంటుంది. మన ఆవర్తనం లాగే అది తిరిగి తిరిగి మొదటికి వస్తుంది. దాన్నీ, 32 బార్ల మామూలు పాట కట్టునీ తీసుకుని, వాటిని ఎంత దూరం సాగదీయొచ్చో చూశాడు. 'స్టోలెన్ మూమెంట్స్' అసలు బాణీ 16 బార్లు నడుస్తుంది, సోలోలు మొదలవగానే 12 బార్ల మైనర్ బ్లూస్‌లోకి దిగుతుంది. అది అంత సాఫీగా జరుగుతుంది కాబట్టి ఎక్కడ మారిందో పట్టుకోవడానికి నాకు చాలాసార్లు వినాల్సి వచ్చింది. నెల్సన్ తన టెనర్ శాక్సఫోన్ సోలోలో ఎక్కడా తొందరపడడు. ఒక చిన్న ముక్క తీసుకుని, దాన్నే కొద్దికొద్దిగా జరుపుతూ పోతాడు. తర్వాత ఎవాన్స్ పియానో వస్తుంది. ఈ ఎనిమిది నిమిషాల పైచిలుకు పాట బాగా వినిపిస్తే చాలు, రికార్డు మంచిదో కాదో తేలిపోతుంది.

నేను వాడుతున్నది ఆ పాత ఆల్బమ్‌నే వర్వ్ లేబుల్ వాళ్లు ఎకౌస్టిక్ సౌండ్స్ సిరీస్‌లో మళ్లీ తెచ్చిన ఎల్‌పీ. అసలు అనలాగ్ టేపుల నుంచి స్టెర్లింగ్ సౌండ్ స్టూడియోలో రయన్ స్మిత్ మాస్టరింగ్ (రికార్డు మీదికి ఎక్కించే ముందు సౌండ్‌ని సరిచూసే పని) చేశాడు. కాన్సస్‌లోని క్వాలిటీ రికార్డ్ ప్రెసింగ్స్‌లో ప్రెస్ చేశారు. 180 గ్రాములు. బరువు వల్లే సౌండ్ బాగుపడుతుందని నేను నమ్మను. టర్న్‌టేబుల్ మీద చదునుగా కూర్చుంటుంది, పట్టుకుంటే గట్టిగా ఉంటుంది, అంతవరకే. పని అంతా మాస్టరింగ్‌లో, వినైల్ నాణ్యతలో ఉంది. పాటల మధ్య ఖాళీలో ఏ చప్పుడూ ఉండదు. హేన్స్ సింబల్స్ కొట్టిన చోట మొదలై, మోగి, మెల్లగా ఆరిపోవడం పూర్తిగా వినిపిస్తుంది. చేంబర్స్ బేస్‌లో తీగ మీద వేలి దెబ్బ, ఆ వెనకే వచ్చే చెక్క మోత రెండూ విడివిడిగా తెలుస్తాయి.

పియానో మాత్రం కొంచెం మూసినట్టుంటుంది. వాన్ గెల్డర్ రికార్డింగుల గురించి ఎప్పటినుంచో ఉన్న మాటే ఇది. టేపులో ఉన్నదాన్ని మాస్టరింగ్‌లో పోలిష్ చేసి మార్చకుండా వదిలేయడం నాకైతే నచ్చింది. ఎవాన్స్ మెల్లగా మీటేచోట సౌండ్ పెంచాలనిపిస్తుంది, పెంచితే ట్రంపెట్ వచ్చి చెవిలో గుచ్చుకుంటుంది. ఒకచోట పెట్టి ఆ సర్దుబాటుతోనే వినడం మంచిది.

ఎక్కువ వాడాక తెలిసిన సంగతి ఇంకొకటి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులో అంచున సెకనుకి అర మీటరు గాడి నీడిల్ కింద నుంచి పోతుంది, మధ్యకి వచ్చేసరికి అది సగానికన్నా తగ్గుతుంది. అందుకే ఏ సైడులోనైనా చివరి పాటకే కష్టం. ఇక్కడ మొదటి సైడు చివర 'కాస్కేడ్స్' ఉంది. శాక్సఫోన్ సాధన కోసం నెల్సన్ రాసుకున్న పాఠం లోంచి పుట్టిన పాట అది, స్వరాలు వరదలా వస్తాయి. మామూలు నీడిల్‌తో విన్నప్పుడు అక్కడ ట్రంపెట్ కాస్త గరగరలాడేది. మొన ఇంకా సన్నగా చెక్కిన మైక్రోలైన్ నీడిల్‌కి మారాక ఆ గరగర పోయింది. ఈ రికార్డు కొనేముందు మీ నీడిల్ సంగతి చూసుకోండి. ఆల్బమ్ మొత్తం 36 నిమిషాల పైన కొద్దిగానే కాబట్టి గాడులు మరీ ఇరుకుగా లేవు, అది మనకి కలిసొచ్చే విషయం.

మేముండే న్యూజెర్సీలో చలికాలం హీటర్లు వేస్తే గాలి పొడిబారి, కవర్ లోంచి తీయగానే రికార్డుకి దుమ్ము అంటుకుంటుంది. కార్బన్ బ్రష్ ఒకసారి తిప్పి పెడితే సరిపోతోంది. ఇన్నాళ్లలో కొత్త టిక్కుటిక్కులేవీ రాలేదు.

అట్ట బాగుంది. పాత పద్ధతిలో దళసరి బోర్డు మీద కాగితం అంటించి చేసిన, రెండుగా తెరుచుకునే కవర్. నాకు మొదట వచ్చిన కాపీ పార్సిల్‌లో మూల నలిగి వచ్చింది, అమ్మినవాళ్లు మార్చి ఇచ్చారు. లోపల ఒక్కో పాట ఎన్ని బార్లో, ఎలా కట్టాడో నెల్సన్ తానే రాసిన నోట్స్ ఉన్నాయి. చదువుతూ వింటే సగం సందేహాలు తీరుతాయి.

ధర 40 డాలర్లకి కాస్త అటూఇటూ. పాత సెకండ్ హ్యాండ్ కాపీ మంచి కండిషన్‌లో దొరికినవాళ్లకి ఇది అవసరం లేకపోవచ్చు. జాజ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మాత్రం నేను ముందు దీన్నే చెబుతాను, అదీ రెండో సైడు నుంచి. చివరి పాట 'టీనీస్ బ్లూస్'లో నెల్సన్, డాల్ఫీ ఇద్దరూ ఆల్టో శాక్సఫోనే వాయిస్తారు. ఒకరిది నున్నటి గొంతు, రెండోది ఎక్కడికి దూకుతుందో తెలియని గొంతు. ఎవరు ఎవరో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.